బొమ్మ నోట మాట

◆ డోరేమాన్ ఎత్తు 129.3 సెంటీమీటర్లు. బరువు 129.3 కిలోలు. తల చుట్టుకొలత 129.3, ఛాతీ చుట్టుకొలతా 129.3. ఎలుక కంటపడితే లంకించుకునే పరుగు గంటకు 129.3 కిలోమీటర్లు, ఒంట్లో సత్తువ 129.3 హార్స్‌పవర్. పుట్టబోయే రోజు 2112 సెప్టెంబరు 3. ఏడాది చివరి రెండంకెలు, నెల, తేదీ వరసగా చదివితే మళ్ళీ అదే 12-9-3. పాఠకులకు ఫుజికో ఎఫ్. ఫుజియోగా తెలిసిన హిరోషి ఫుజిమోటో గీసిన ఈ నీలి రోబో పిల్లి 1970 జనవరి సంచికలతో జపాన్ పిల్లల పత్రికల్లోకి వచ్చింది. తర్వాత టీవీ ఎక్కి, తెలుగు డబ్బింగుతో మన ఇళ్ళలోకీ వచ్చి కూర్చుంది. అప్పటి జపాన్ నాలుగో తరగతి పిల్లల సగటు ఎత్తు 129.3 సెంటీమీటర్లేనని, కథలోని కుర్రాడు నోబితాని పైనుంచి కిందికి చూడకూడదని ఆ కొలత పెట్టారని చెబుతారు. కారణం ఏదైనా ఇంట్లో డోరేమాన్ కట్టాలనుకునేవాళ్ళకి మహోపకారం జరిగింది. ఒక్క అంకె గుర్తుంటే కొలతలన్నీ గుర్తున్నట్టే.

◆ కట్టేముందు వేయాల్సిన లెక్క ఒకటుంది. ఎత్తు నాలుగో వంతుకు తగ్గిస్తే బరువు నాలుగో వంతుకు తగ్గదు, అరవై నాలుగో వంతుకు పడిపోతుంది. పొడవు, వెడల్పు, మందం మూడూ కలిసి తగ్గుతాయి మరి. కాబట్టి 32 సెంటీమీటర్ల బుల్లి డోరేమాన్ సుమారు 2 కిలోలు తూగితే అసలువాడి నిష్పత్తిలో ఉన్నట్టే. తల వ్యాసం 10 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. ఆ సైజు థర్మోకోల్ బంతి క్రాఫ్ట్ సామాన్లమ్మే కొట్లో దొరుకుతుంది. తల ఒంటికి సమానంగా ఉండే ఈ ఆకారం బొమ్మలో ముద్దుగా ఉంటుందిగానీ, నిలబెడితే ముందుకు తూలుతుంది. అందుకే తలలో మోటార్లు తప్ప ఇంకేమీ పెట్టకుండా, బ్యాటరీని అడుగున పాదాల దగ్గర పడుకోబెడతారు.

◆ పుట్టడానికి నూరేళ్ళ ముందే ఒక ఊరి నివాసిగా గుర్తింపు వచ్చినవాడు కూడా డోరేమానే. 2012 సెప్టెంబరు 3న జపాన్‌లోని కవాసాకి నగరం అతనికి ప్రత్యేక నివాసిగా పత్రం ఇచ్చింది. ఫుజికో మ్యూజియం ఉన్నది ఆ ఊళ్ళోనే.

◆ వేళ్ళు లేని గుండ్రటి చేత్తో డోరేమాన్ వస్తువులెలా పట్టుకుంటాడు? కథలో అది భవిష్యత్తు శతాబ్దపు మహిమ. 2010లో అమెరికాలోని కార్నెల్, షికాగో విశ్వవిద్యాలయాలూ ఐరోబోట్ కంపెనీ పరిశోధకులూ కలిసి అలాంటి చెయ్యి నిజంగానే చేసి చూపించారు. సరంజామా ఏమిటంటే ఒక రబ్బరు బెలూను, అందులో కాఫీ పొడి, గాలి పీల్చే పంపు. బెలూను మెత్తగా ఉన్నప్పుడు వస్తువు మీద అదిమితే దాని చుట్టూ సర్దుకుంటుంది. గాలి లాగేయగానే పొడి గింజలు ఒకదానికొకటి బిగుసుకుపోయి గట్టిపడుతుంది, వస్తువు చేతికి చిక్కుతుంది. గాలి మళ్ళీ వదిలితే పట్టు వీడుతుంది. ఇంట్లో చేయదగ్గ రోబో భాగాల్లో ఇంత చవకది మరొకటి ఉందని నేననుకోను. డికాక్షనుకు పనికిరాకుండా డబ్బా అడుగున మిగిలిపోయిన పొడైనా దీనికి చాలు.

◆ డోరేమాన్‌కి చెవుల్లేవు. ఎలుకలు కొరికేశాయి, అందుకే ఎలుకంటే అంత హడలు. మరి చెవుల్లేని పిల్లికి మైకు ఎక్కడ పెట్టాలి? మెడలో గంట ఉంది, దానికి చీలికా ఉంది. మైకు ఆ చీలిక వెనకాల పెడితే ఎవరికీ కనబడదు, పైగా తలలోని మోటారు రొదకి కాస్త దూరంగా ఉంటుంది.

◆ అసలు ఇంట్లో మాట్లాడే బొమ్మ చేయడమంటే సగం ఇంజనీరింగు, సగం కనికట్టు. ఆ రెండో సగాన్ని తక్కువ చేసి చూసేవాళ్ళ బొమ్మలే ఎక్కువగా అటక ఎక్కుతాయి. కింది విశేషాల్లో చాలావాటిలో ఏదో ఒక కనికట్టు ఉంది.

◆ 1769-70లో వోల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ అనే హంగేరీ పెద్దమనిషి చదరంగం ఆడే బొమ్మ ఒకటి చేశాడు. తలపాగాతో ఉన్న ఆ బొమ్మ యూరప్ ప్రముఖులను ఓడించింది. లోపల ఒక ఆటగాడు దాక్కుని ఉండేవాడు, శుద్ధ మోసం. అదే కెంపెలెన్ అదే కాలంలో మొదలుపెట్టి ఇరవయ్యేళ్ళపాటు కుస్తీపట్టిన మరో యంత్రంలో మాత్రం మోసం లేదు. కొలిమితిత్తి దానికి ఊపిరితిత్తులు, కంపించే నాలుక దానికి గొంతు, చేత్తో నొక్కుతూ వదులుతూ ఉండే మెత్తటి గొట్టం దానికి నోరు. మాటలు పలికేది. దాని నిర్మాణం మొత్తం 1791లో పుస్తకంగా అచ్చువేశాడు, ఎవరైనా చేసుకోవచ్చని. లోకానికి గుర్తున్నది చదరంగం బొమ్మ.

◆ ఆ పుస్తకం వృథా పోలేదు. ఇంగ్లండులో చార్లెస్ వీట్‌స్టన్ దాన్ని చూసి తన వంతు యంత్రం చేశాడు. 1863లో ఒక తండ్రి తన కొడుకుని తీసుకెళ్ళి ఆ యంత్రం చూపించాడు. ఎడింబరోలో ఉచ్చారణ పాఠాలు చెప్పే మాస్టారు ఆయన. ఇంటికొచ్చాక కొడుకులిద్దరికీ పందెం పెట్టాడు, ‘మీరూ ఒకటి చేయండి, బహుమతి ఇస్తాను’ అని. అన్న మెల్విల్ ఊపిరితిత్తులూ గొంతూ తీసుకున్నాడు. తమ్ముడు అలెగ్జాండర్ నోరూ నాలుకా తీసుకున్నాడు. స్వరపేటిక ఎలా ఉంటుందో చూడటానికి కసాయి దగ్గరనుంచి గొర్రెపిల్లది తెచ్చుకున్నారు. రబ్బరు, కర్రముక్కలు, గట్టిపడే చెట్టుపాలు, ఇలా దొరికినవన్నీ పోగేసి తల తయారుచేశారు. అన్న గొట్టంలోకి ఊదుతుంటే తమ్ముడు పెదాలు కదిపాడు. బొమ్మ ‘మామా’ అంది.

అన్నదమ్ములు ఊరుకుంటారా? మెట్లమీదికి తీసుకెళ్ళి ఏడిపించడం మొదలుపెట్టారు. పైవాటాలో ఉన్నావిడ పసిబిడ్డకి ఏమయిందోనని తలుపు తీసుకుని కిందికి దిగొచ్చింది. పిల్లలిద్దరూ గప్‌చిప్‌గా లోపలికి జారుకున్నారు. ఆ తమ్ముడే తర్వాత టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్. ఇంట్లో చేసిన మాట్లాడే బొమ్మల చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. చేసినవాళ్ళు పదహారు, పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు. పరీక్ష పెట్టింది పొరుగావిడ. ఫలితం నూటికి నూరు.

◆ తల చేశాక అలెగ్జాండర్ కన్ను పెంపుడు కుక్క మీద పడింది. అది ఆపకుండా గుర్రుమంటుంటే దవడలు చేత్తో కదిపి మాటలు పుట్టించాడు. నానమ్మని పలకరించే మాట అని చూసినవాళ్ళంతా ఒప్పుకున్నారట. విన్నవాళ్ళ మనసు ఆ మాటల్ని పూరించుకుంటుందని ఆయన అప్పుడే గ్రహించి ఉంటాడు.

◆ ఎడిసన్ 1890లో మాట్లాడే బొమ్మను అమ్మాడు. పొట్టలో చిన్న ఫోనోగ్రాఫు, వీపున తిప్పే పిడి. ఫ్యాక్టరీలో ఆడపిల్లలు కూర్చుని ఒక్కో మైనపు రికార్డు మీదా పిల్లల గేయాలు చెప్పారు. రికార్డులు ఇట్టే అరిగిపోయేవి, గొంతులు వింటే పిల్లలు బెదిరిపోయేవారు. కొద్ది వారాల్లోనే తయారీ ఆగింది. సూది తగిలిస్తే పాడైపోతాయని భయపడి మిగిలినవాటిని వందేళ్ళకుపైగా ఎవరూ వినలేదు. 2015 నాటికి సూది లేకుండా, గాడులను కాంతితో స్కాన్ చేసి కంప్యూటర్లో వినిపించారు. బెదిరిన పిల్లల తప్పేమీ లేదు, వినండి, ఒళ్ళు జలదరిస్తుంది.

◆ పిలిస్తే పలికే తొలి బొమ్మ అలెక్సా కాదు, రెక్స్ అనే సెల్యులాయిడ్ కుక్క. 1920లలో అమెరికాలో అమ్మారు. చిన్న ఇంట్లో ముడుచుకుని ఉండేది. ‘రెక్స్’ అని పిలవగానే స్ప్రింగు వదిలి బయటికి దూకేది. దానికి తన పేరు తెలియదు. ఆ మాటలోని ‘ఎ’ అచ్చులో సెకనుకు 500 కంపనాల దగ్గర బలం ఎక్కువగా ఉంటుంది, ఆ ఊపుకి విద్యుత్ అయస్కాంతం పట్టు సడలేలా అమర్చారు. అదే అచ్చు ఉన్న ఏ మాటకైనా దూకాల్సిందే. తెలుగింట్లో ఉండి ఉంటే ‘ఎక్కడికిరా’ అన్నప్పుడల్లా బయటపడేదేమో.

ఇంట్లో చేసే బొమ్మకి పిలుపు మాట ఎంచేటప్పుడు ఈ కుక్క గుర్తుండాలి. ‘చిన్నా’, ‘బుజ్జీ’ లాంటివి పెడితే ఇంట్లో ఎవరు ఎవర్ని పిలిచినా బొమ్మ ఉలిక్కిపడుతుంది. మూడు నాలుగు అక్షరాలుండి, రోజువారీ మాటల్లో దొర్లని పేరు మేలు. డోరేమాన్ అన్న పేరు ఆ లెక్కన బ్రహ్మాండం.

◆ 1939 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్లో వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఎలెక్ట్రో అనే ఏడడుగుల రోబోని నిలబెట్టింది. 700 మాటలు వచ్చని ప్రచారం. లోపల గ్రామఫోన్ రికార్డులు తిరిగేవి, అంతే. మనిషి చెప్పింది విని కదులుతున్నట్టు కనబడేదిగానీ అర్థం చేసుకునేదేమీ లేదు. మాటలోని విరుపులు లెక్కపెట్టుకునేది. విరుపులు సరిపోతే చాలు, అర్థంలేని మాట అన్నా నడిచేది.

అదే ఫెయిర్లో బెల్ ల్యాబ్స్ వారి వోడర్ అనే యంత్రం నిజంగానే మాటను అక్షరం అక్షరంగా పుట్టించింది. అయితే దాన్ని హార్మోనియం వాయించినట్టు వేళ్ళతో వాయించాలి. ఆ పని నేర్చుకోవడానికి అమ్మాయిలకు ఏడాది దాకా పట్టింది. మాట్లాడటం మనకెంత తేలికో, దాన్ని విడగొట్టి చేత్తో చేయడం ఎంత కష్టమో చూపించిన యంత్రం అది.

◆ టెడ్డీ రక్స్‌పిన్ అనే ఎలుగుబంటి బొమ్మ 1985లో వచ్చింది. చేసిన కెన్ ఫోర్స్ అంతకుముందు డిస్నీలో పనిచేసినవాడు. వీపులో క్యాసెట్ పెడితే కళ్ళూ నోరూ కదుపుతూ కథలు చెప్పేది. స్టీరియో క్యాసెట్టులో రెండు ట్రాకులుంటాయి కదా. ఒకదానిమీద గొంతు, రెండోదానిమీద మోటార్లకు ఆజ్ఞలు. రెండూ ఒకే టేపు మీద ఉన్నాయి కాబట్టి మాటా పెదవీ ఎన్నడూ తప్పిపోవు. ఇవాళ మెమరీ కార్డూ చిప్పూ పెట్టి చేసేవాళ్ళకు కూడా ఇదే పద్ధతి నేను సిఫారసు చేస్తాను. ముందే రికార్డు చేసిన పది డైలాగులతో మొదలుపెట్టండి, ఒక ఛానెల్లో గొంతు, మరో ఛానెల్లో నోటి కదలిక. కృత్రిమ మేధ, ఇంటర్నెట్టు తర్వాత చూసుకోవచ్చు.

◆ ఫర్బీ కళ్ళు తెరుస్తుంది, మూస్తుంది, చెవులు నిక్కిస్తుంది, ముక్కు కదుపుతుంది, ముందుకు వంగి నాట్యమాడుతుంది. దాని లోపల ఉన్న మోటార్లెన్ని? ఒక్కటి. 1998లో డేవిడ్ హాంప్టన్, కేలబ్ చంగ్ చేసిన ఈ గుడ్లగూబలాంటి జీవిలో ఒకే మోటారు ఒక ఇరుసును తిప్పుతుంది. ఇరుసు మీద వంకరటింకర చక్రాలు వరసగా ఉంటాయి, ఒక్కోటి ఒక్కో అవయవాన్ని తోస్తుంది. ఇరుసు ఎక్కడ ఆగిందన్నదాన్నిబట్టి ముఖంలో భావం. ముందుకు వెనక్కి కొంచెం కొంచెం తిప్పితే నోరు మాత్రమే ఆడుతుంది, ఇంకో చోట తిప్పితే కళ్ళు మాత్రమే. ముప్పై ఐదు డాలర్లకు బొమ్మ అమ్మాలంటే ఇంకో దారి లేదు.

అంతకన్నా పెద్ద కనికట్టు దాని భాష. కొత్తగా కొన్న ఫర్బీ ‘ఫర్బిష్’ అనే గజిబిజి భాష మాట్లాడుతుంది. రోజులు గడిచేకొద్దీ ఇంగ్లీషు మాటలు ఎక్కువవుతాయి. మా బొమ్మ మా దగ్గర ఇంగ్లీషు నేర్చుకుందని పిల్లలు పొంగిపోయారు. అది ఏమీ నేర్చుకోలేదు. ముందే లోపల పెట్టిన ఇంగ్లీషు మాటల్ని కొద్దికొద్దిగా బయటికి వదులుతుంది. మూడేళ్ళలో 4 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి.

◆ ఆ నేర్చుకోవడాన్ని అమెరికా గూఢచారులు కూడా నమ్మేశారు. 1999 జనవరిలో జాతీయ భద్రతా సంస్థ తన కార్యాలయాల్లోకి ఫర్బీ రాకూడదని నిషేధం పెట్టినట్టు వార్తలొచ్చాయి. విన్నది గుర్తుపెట్టుకుని బయట వాగేస్తుందేమోనని భయం. ఫర్బీకి రికార్డు చేసే శక్తే లేదు. కానీ పద్దెనిమిదేళ్ళ తర్వాత, 2017 ఫిబ్రవరిలో, ‘మై ఫ్రెండ్ కేలా’ అనే ఇంటర్నెట్ బొమ్మని జర్మనీ రహస్యంగా వినే పరికరంగా ప్రకటించి అమ్మకం ఆపేసింది, ఇళ్ళలో ఉన్నవాటిని పనికిరాకుండా చేయమని తల్లిదండ్రులకు చెప్పింది. ఆ భయం మాత్రం ఉత్తది కాదు. దాని బ్లూటూత్‌కి తాళం లేదు, వీధిలో ఉన్నవాడు కూడా దూరిపోవచ్చు. ఇంట్లో చేసే బొమ్మలో మైకు తీగకు విడిగా ఒక స్విచ్ పెట్టడం ఇరవై రూపాయల పని.

◆ జపాన్‌లో నిహోన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు మసాహికో ఓసావా డోరేమాన్‌ని నిజంగానే తయారుచేస్తానని 2020లో పుస్తకమే రాశాడు. ఆయన బృందం ముందుగా పట్టుకున్నది బుల్లి ‘మినీ డోరా’ని. కథలో మినీ డోరాకి ‘డోరా డోరా’ తప్ప మాట రాదు. ఆ ఒక్క మాటనే సాగదీసి, తేల్చి, విరిచి పలికితే ఎదుటివాడే అర్థం ఊహించుకుంటాడు. నాకు ఇది మహా తెలివైన మొదలు అనిపిస్తుంది. వెయ్యి మాటలు తప్పుల్తో మాట్లాడే బొమ్మకంటే ఒక్క మాట సరైన వేళకు అనే బొమ్మ మీద జనానికి గురి ఎక్కువ.

◆ మనిషికి మరీ దగ్గరగా వచ్చి, పూర్తిగా మనిషి కాకుండా మిగిలిపోయిన రోబోని చూస్తే వెగటు పుడుతుందని మసాహిరో మోరి రాసిన ప్రసిద్ధ వ్యాసమూ 1970లోదే, డోరేమాన్ పత్రికల్లోకి వచ్చిన ఏడాది. కార్టూను జంతువుకి ఆ బాధ లేదు. రెండు కనుగుడ్లు, ఆరు మీసాలు, పెద్ద నోరు. ఎక్కడా మనిషితో పోటీ పడదు.

◆ కర్మిట్ అనే లోకప్రసిద్ధ కప్ప కార్టూను కాదు, చేతికి తొడిగి ఆడించే బొమ్మ. 1955లో జిమ్ హెన్సన్ దాన్ని అమ్మ పారేసిన పాత కోటుతో కుట్టాడు. కళ్ళకి పింగ్‌పాంగ్ బంతిని రెండు ముక్కలు చేసి పెట్టాడు. ఆ బొమ్మలాడించేవాళ్ళు కొత్తవాళ్ళకి మొదట నేర్పే పాఠం నోరు కదపడం. పై దవడ ఎగరేయకూడదు, బొటనవేలు కిందికి దించి కింది దవడే తెరవాలి. మాట మొదలైనప్పుడు తెరవాలి, మూయకూడదు. కొత్తవాళ్ళు మాటమీద నోరు మూస్తారు, చూసేవాళ్ళకి బొమ్మ మాటల్ని కొరుకుతున్నట్టు ఉంటుంది. రోబో నోటికీ ఇదే సూత్రం. సర్వో మోటారును కింది దవడకే కట్టాలి.

◆ ఇక్కడ తెలుగు చేసేవాళ్ళకు ఒక వరం ఉంది. ఒక్కో అక్షరానికి ఒక్కసారి నోరు తెరిస్తే చాలు. ‘అమ్మా, ఆకలేస్తోంది’ అన్న మాటకి ఎన్నిసార్లు? అ, మ్మా, ఆ, క, లే, స్తోం, ది. ఏడుసార్లు. రాసింది చూసి ప్రోగ్రామే లెక్కపెట్టేస్తుంది, పొల్లు అక్షరాలు వదిలేస్తే సరి. ఒత్తులెన్ని ఉన్నా అక్షరం ఒక్కటే కాబట్టి ‘స్త్రీ’కి కూడా ఒక్కసారే. ఇంగ్లీషులో ఈ సుఖం లేదు, రాసేదొకటి పలికేదొకటి.

ఒక చిక్కూ ఉంది. ప, బ, మ పలికేటప్పుడు పెదాలు పూర్తిగా మూసుకోవాలి. తక్కిన అక్షరాల్లో బొమ్మ నోరు ఎటుపోయినా పిల్లలు పట్టించుకోరు. ‘మామిడిపండు’ అన్నప్పుడు పెదాలు కలవకపోతే మాత్రం వెంటనే పట్టేస్తారు. ఇంకొకటి: మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, నోరు తెరుచుకునే ఉంటుంది. ‘అన్నం’, ‘పుస్తకం’ లాంటి సున్నా మాటలకి మూసుకుంటుంది. వాక్యం అయిపోయాక అర సెకను ఆగి దవడ మెల్లగా మూయిస్తే సహజంగా ఉంటుంది.

◆ ఈ పెదాల గొడవ మహాకవి శ్రీశ్రీ కూడా పడ్డాడు. తెలుగులో తొలి డబ్బింగ్ సినిమా ‘ఆహుతి’ 1950లో వచ్చింది. దానికి మాటలూ పాటలూ ఆయనవే. తెరమీద హిందీ నటుడి పెదవి మూసుకున్న చోట తెలుగులోనూ పెదవి మూసే అక్షరం పడాలి. అర్థం ఉండాలి, పొడవు సరిపోవాలి. ఇవాళ డోరేమాన్‌కి తెలుగు మాటలు రాసేవారి పనీ అదే. కార్టూను నోరు ఎటూ సరళంగా ఉంటుంది కాబట్టి వాళ్ళకి కాస్త వెసులుబాటు.

◆ స్పీకరు తలలో పట్టదని బెంగ పడక్కర్లేదు, పొట్టలో పెట్టండి. నోరు కదిలే చోటునుంచే మాట వస్తోందని మన మెదడు తీర్మానించేసుకుంటుంది. పాఠశాల వార్షికోత్సవాల్లో వెంట్రిలాక్విజం కళాకారుడి ఒళ్ళో బొమ్మ మాట్లాడుతున్నట్టు అనిపించేది ఈ బలహీనతవల్లే. సినిమా హాల్లో తెర వెనకున్న స్పీకర్లలోంచి వచ్చే మాట హీరో నోట్లోంచి వినబడటం కూడా అంతే.

◆ గొంతు పిల్లగా ఉండాలంటే? 1958లో రాస్ బాగ్దసారియన్ టేపు వేగం మార్చి చిప్‌మంక్ ఉడతలకి పాటలు పాడించాడు. సగం వేగంతో తిరిగే టేపు మీద నెమ్మదిగా పాడి, మామూలు వేగంతో వినిపిస్తే స్వరం ఒక స్థాయి పైకి వెళుతుంది. కంప్యూటర్లో అదే పని ఇప్పుడు ఒక్క నొక్కుతో అవుతుంది. రెట్టింపు అక్కర్లేదు, పావు వంతో మూడో వంతో పెంచితే పెద్దవాళ్ళ గొంతు బొమ్మ గొంతైపోతుంది. అలాగని కార్టూను గొంతంటే కీచుగానే ఉండాలని లేదు. 1979 నుంచి 2005 దాకా జపాన్‌లో డోరేమాన్‌కి మాటలు చెప్పిన నొబుయో ఒయామాది బొంగురు గొంతు.

◆ 9 గ్రాముల బుల్లి సర్వో మోటారు నూరు రూపాయలకి అటూ ఇటూగా వస్తుంది. సెకనుకు 50 సార్లు దానికి ఒక విద్యుత్ తట్టు పంపాలి. తట్టు వెయ్యో వంతు సెకను ఉంటే ఒక చివర, వెయ్యింట రెండు వంతులుంటే మరో చివర, ఒకటిన్నర అయితే మధ్యలో. దవడ సంగతి మొత్తం ఇంతే. కానీ కదలడం మొదలుపెట్టిన క్షణంలో అది గుటుక్కున కరెంటు మింగుతుంది. రాస్ప్‌బెర్రీ పై లాంటి బుల్లి కంప్యూటరుకీ దానికీ ఒకే తీగ ఇస్తే, బొమ్మ నోరు తెరవబోయి సొమ్మసిల్లుతుంది. మళ్ళీ బూట్ అవుతుంది, మళ్ళీ నోరు తెరవబోతుంది, మళ్ళీ సొమ్మసిల్లుతుంది. మోటార్లకు వేరే సరఫరా ఇచ్చి, భూమి తీగ ఒక్కటి కలిపితే జబ్బు నయం.

◆ మాట్లాడేటప్పుడు బొమ్మ చెవులు మూయాలి. లేకపోతే తన మాట తనే విని, దానికి జవాబు చెప్పి, ఆ జవాబుకి మళ్ళీ జవాబు చెబుతూ పోతుంది. చూడటానికి సరదాగానే ఉంటుంది, పది నిమిషాలు.

◆ 2009లో పది భాషల సంభాషణలు కొలిచి చూశారు. ఒకరి ప్రశ్నకీ రెండోవారి జవాబుకీ మధ్య సగటు విరామం సెకనులో అయిదో వంతు. అందరికంటే చురుకు జపనీయులు, సగటున సెకనులో నూరో వంతు కూడా ఆగరు. నిదానం డేన్లది, దాదాపు అర సెకను. ఇంట్లో చేసిన రోబో మాత్రం విని, రాసుకుని, జవాబు వెతికి, గొంతు పుట్టించి పలికేసరికి రెండు మూడు సెకన్లు పట్టొచ్చు. అంతసేపు బొమ్మ రాయిలా ఉంటే పిల్లలు ప్రశ్న మళ్ళీ అడుగుతారు, అంతా కలగాపులగం. మందు ఏమిటంటే ముందే రికార్డు చేసి పెట్టుకున్న ‘ఊఁ...’, ‘ఆగాగు...’, ‘ఏంటంటే...’. పిలవగానే తల పక్కకి వాల్చి, కనురెప్ప ఒకసారి ఆర్పి, ఊఁ అంటే మూడు సెకన్లు ఇట్టే గడుస్తాయి. ఆలోచిస్తోంది పాపం అనుకుంటారు.

◆ తెలుగు చదివే ప్రోగ్రాములకి కథలు పర్వాలేదు, ‘డా.’, ‘రూ. 50’, ‘3/4’ కనబడితే మాత్రం తికమక. బొమ్మకిచ్చే పాఠంలో అంకెలు కూడా అక్షరాల్లో రాయడం ఉత్తమం. ఈ-స్పీక్ అనే ఉచిత ప్రోగ్రాముకి తెలుగు వచ్చు, చాలా చిన్నది, ఇంటర్నెట్టూ వద్దు. గొంతు తగరపు డబ్బాలోంచి వచ్చినట్టుంటుందని అంటారు. రోబోకి ఇంకెలా ఉండాలి?

◆ భాగాలకి హైదరాబాదువాళ్ళు వెళ్ళేది కోఠి గుజరాతీ గల్లీకి. బడి పిల్లలకి ఇంకో దారి ఉంది. దేశంలో 10 వేల బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు పెట్టారు, ఒక్కోదానికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు. మీ బడిలో గది తాళం వేసి ఉంటే, తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి.

◆ ఇంట్లో చేసిన రోబో సినిమాకెక్కిన సంగతి కూడా ఉంది. స్టార్ వార్స్‌లోని ఆర్‌టూ-డీటూని సొంతంగా కట్టుకునేవాళ్ళకి దేశదేశాల్లో ఒక సంఘం ఉంది. 2013లో జర్మనీలో జరిగిన అభిమానుల సభలో వాళ్ళ బొమ్మలు చూడటానికి నిర్మాత కాథ్లీన్ కెనడీ వచ్చారు. ‘కావాలంటే సినిమాకి మేం చేసిపెడతాం’ అని సభ్యులు సరదాకి అన్నారు. ఆ సంఘంలోని లీ టవర్సీ, ఆలివర్ స్టీపుల్స్‌లకి నిజంగానే పిలుపొచ్చింది, 2015 సినిమాకి ఆర్‌టూ వాళ్ళ చేతిలోంచే వచ్చింది. మాట రాని రోబో కావడం కూడా కలిసొచ్చింది. ఆర్‌టూ కూతలకి బెన్ బర్ట్ సింథసైజరుతో తన నోటి కూనిరాగాలు కలిపాడు.

◆ తొలి ఫర్బీకి ఆపే స్విచ్ లేదు. చీకట్లో వదిలేస్తే నిద్రపోతుంది, అలికిడైతే లేస్తుంది. అర్ధరాత్రి అల్మారాలోంచి మాటలు వినబడి దుప్పట్లు కప్పిన తల్లిదండ్రులు ఎందరో. డోరేమాన్ రచయిత ఆ పొరపాటు చేయలేదు. వెనకాల ఎర్రటి గుండు ఉన్న బుల్లి తోక ఉంది చూడండి, అదే అతని స్విచ్. లాగితే ఆగిపోతాడు. బాత్రూముల్లో లైటుకి వాడే తాడు స్విచ్ ఒకటి తెచ్చి, తాడు చివర ఎర్ర పూస కడితే సరిగ్గా అమరుతుంది.